సీమంతపు సారెలో లడ్డూలు పెట్టవచ్చునా?

2024 సెప్టెంబరు చివరి వారంలో మా మరిది తిరుమల యాత్ర ముగించుకొని వచ్చి, ఆదోనిలోని మా ఇంట పది లడ్డూలు ఇచ్చి వెళ్ళాడు. మరి కొద్ది రోజులకు, దసరా నవరాత్రులలో, ఎమ్మిగనూరులో మా అమ్మాయి సీమంతం. సారె పళ్ళెంలో శ్రీవారి ప్రసాదం తప్పక ఉండాలని మా అత్తగారి కోరిక. సరిగా ఆ రోజులలోనే ఇంటింటా ఒకటే చర్చ: ఆ లడ్డూ తినవచ్చునా, కూడదా?

వార్తలో ఉన్నదేమిటి?

సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, గత ప్రభుత్వ హయాంలో లడ్డూలకు వాడిన నేతిలో జంతువుల కొవ్వు కలిసిందని ఆరోపించారు. గత ప్రభుత్వంలోని వారు దానిని ఖండించారు. మరునాడు, గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి ప్రయోగశాల ఇచ్చిన నివేదిక బయటకు వచ్చింది. జులైలో పంపిన నేతి నమూనాలలో కొవ్వుల నిష్పత్తి, స్వచ్ఛమైన పాలకొవ్వుకు ఉండవలసిన హద్దులలో లేదని అందులో ఉన్నది. పశువులకు మేత చాలనప్పుడు, లేదా నూనె అధికంగా ఉన్న మేత పెట్టినప్పుడు ఇటువంటి ఫలితం పొరపాటుగా రావచ్చునని కూడా అదే నివేదిక హెచ్చరించింది. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సి.బి.ఐ., రాష్ట్ర పోలీసు, ఆహార భద్రతా ప్రాధికార సంస్థల అధికారులతో స్వతంత్ర దర్యాప్తు బృందాన్ని ఏర్పరచమని ఆదేశించింది.

నేను ముందుగా చూసినది తేదీలను. పరీక్షకు వెళ్ళిన నేయి జులైలోనిది. మా ఇంటికి వచ్చిన లడ్డూలు సెప్టెంబరు చివరివి. ఆ నివేదికను బట్టి వీటిని దూషించడానికీ వీలులేదు, మెచ్చుకోవడానికీ వీలులేదు.

హాని వేరు, ఆచారభంగం వేరు

కల్తీ అనగానే రెండు భయాలు కలగలిసిపోతాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, కాళ్ళవాపులతో, గుండె బలహీనతతో అరవై మందికి పైగా మరణించారు. అది దేహానికి కలిగే హాని. నేతిలో పరాయి కొవ్వు కలవడం అటువంటి విషప్రయోగం కాదు. కాని జన్మమంతా శాకాహారం పాటించిన మా అత్తగారి వంటి వారికి అది మనస్సును కోసే గాయం. దానిని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

ఆయుర్వేదం ఈ రెండింటినీ గుర్తించింది. అష్టాంగహృదయంలో అన్నరక్ష అనే అధ్యాయమే ఉన్నది. అన్నాన్ని రంగు, వాసన, రుచులతో పరీక్షించే విధానం అందులో చెప్పబడింది. భయంతో, శోకంతో, క్రోధంతో భుజిస్తే హితమైన ఆహారం మితంగా తిన్నా జీర్ణం కాదని చరకుడు చెప్పాడు. కనుక శంకిస్తున్న వారిని బలవంతపెట్టి తినిపించడం వైద్యధర్మం కాదు.

ఇంటి పరీక్షల పరిమితి

అరచేతిలో కరిగించడం, పేరుకున్న పొరలను చూడడం వంటి చిట్కాలతో నేతిలోని ఇతర కొవ్వును గుర్తించలేము. వనస్పతిని పట్టుకోవడానికి ఆమ్లంతో చేసే పరీక్ష ఒకటున్నది. చట్టం ప్రకారం వనస్పతిలో కలపవలసి వచ్చిన నువ్వుల నూనెకు మాత్రమే అందులో ఎర్రరంగు వస్తుంది. జంతువుల కొవ్వుకు రాదు. పైగా లడ్డూగా మారిన నేతిపై ఇంట్లో ఏ పరీక్షా సాగదు.

మనకు సాధ్యమైనది వేరే ఉన్నది. సీమంతానికి రెండు రోజుల ముందు పెట్టె తెరిచి చూశాను. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి, రెండు లడ్డూలకు అడుగున తెల్లని నూగు పట్టింది. పత్రికలలో ఎక్కడా రాని ప్రమాదం మా అలమరలోనే ఉన్నది! ఆ రెండింటినీ ఆవుకు పెట్టబోయిన అత్తగారిని వారించి, చెట్టు మొదట పాతిపెట్టాను. బూజు పట్టినది పశువుకూ హితం కాదు.

బుడ్డల సంగతి

సారెకు మారుగా బుడ్డల ఉండలు చేద్దామనుకున్నాను. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. అయితే అసలు జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. చెమ్మ తగిలిన వేరుశనగలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు కారణమవుతుంది, వేయించినా పూర్తిగా నశించదు. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించడానికి కారణం ఈ విషమే.

అందువల్ల గింజలను చేటలో పోసి ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరివేశాను. వేయించాక కొన్ని నమిలి చూసి, చేదు లేదని నిర్ధారించుకున్నాను. రెండు గ్లాసుల గింజలకు ఒక గ్లాసు బెల్లం, నాలుగు యాలకులు చేర్చి దంచి, నీరు తగలకుండా ఉండలు చుట్టాను.

చెప్పి పంపడమే మర్యాద

తరువాత వియ్యపురాలికి ఫోను చేసి జరిగినదంతా దాచకుండా చెప్పాను. “వదినగారూ, మిగిలిన లడ్డూలు చూపుకు బాగానే ఉన్నాయి. నేతి సంగతి నేను ప్రమాణం చేయలేను. పంపమంటారా?” అని అడిగాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, “పూజలో పెట్టడానికి ఒకటి పంపండి వదినగారూ. ముత్తయిదువులకు పంచడానికి బుడ్డల ఉండలు చాలు. ముందే చెప్పారు, అదే పదివేలు” అన్నది.

మా అత్తగారు మాత్రం ఒక లడ్డూలో చిటికెడు తుంచి కళ్ళకద్దుకొని నోట వేసుకున్నారు. అది ఆమె నిర్ణయం. నేను అడ్డు చెప్పలేదు. తన నోటికి తాను నిర్ణయించుకోవచ్చు. ఇతరుల నోటికి, ముఖ్యంగా గర్భిణికి, పసివారికి, వృద్ధులకు అందించేటప్పుడు తెలిసినదంతా చెప్పి, వద్దనే స్వేచ్ఛను వారికి విడిచిపెట్టాలి.

గృహిణులు గుర్తుంచుకోవలసినవి:

1. వదంతి విన్నప్పుడు ఏ వస్తువు, ఏ తేదీది, ఎవరు పరీక్షించారు అని విచారించండి.

2. తీపిపదార్థాలను చెమ్మలేని డబ్బాలో ఉంచండి. బూజు కనిపిస్తే ఆ మేరకు గిల్లివేసి తినవద్దు, మొత్తం పారవేయండి.

3. అనుమానమున్న దానిని పనిమనిషికో బిచ్చగాడికో ఇవ్వవద్దు. మనం తినరానిది దానానికీ పనికిరాదు.