గుడ్డికొంగ

గ్రామపెద్దలారా, ఈ దినము నేను చెప్పదలచినది మీరెల్లరును చిన్ననాటనుండి చూచుచున్న పక్షినిగూర్చియే. చెరువుగట్టునను, వరిమడిలోను, కాలువయొడ్డునను మట్టిబెడ్డవలె ముడుచుకొని నిలుచు చిన్నకొంగ యది. మనవారు దానిని గుడ్డికొంగ యందురు.

ముందుగా నా తప్పొకటి చెప్పుకొందును. కొల్లేటి తీరమున నొక పల్లెబడిలో నేను తెలుగు చెప్పుచుండిన కాలమున, కొంగనుగూర్చి వ్యాసము వ్రాయుడని పిల్లలను నియమించితిని. చేపలుపట్టు వారింటి బాలుడొకడు "మట్టికొంగ యెగిరినప్పుడు తెల్లకొంగ యగును" అని వ్రాసెను. బకము తెల్లనిదని గ్రంథములలో చదివినవాడను గాన, ఆ వాక్యమును ఎర్రసిరాతో కొట్టివేసి, వానిని బల్లపై నిలువబెట్టితిని. వాడు "నేను చూచినాను, మాష్టారూ" అని మాత్రమనెను.

ఉద్యోగము విరమించినపిదప నేను హైదరాబాదున మాదాపురములో కుమారునియొద్ద నుంటిని. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలుగా ఈ ప్రాంతము హైటెక్ సిటీయని పేరొందినది. ఇచ్చటి దుర్గం చెరువు పూర్వము గోలకొండ కోటకు నీరొసగినది. 2020లో దానిపై తీగల వంతెన వెలసినది. ఒకనాటి యుదయమున ఆ చెరువంచున నడచుచుండగా, మట్టిబెడ్డ యనుకొన్నది నా పాదములముందే లేచినది. లేచినంతనే రెండు తెల్లని రెక్కలు విప్పారినవి. అల్లంత దూరమున వ్రాలి, రెక్కలు ముడిచి, మరల మట్టిబెడ్డ యైనది. ఆ బాలుని మాట నా చెవిలో మ్రోగినది.

ఈ వింతకు కారణము సులభమే. దీని వీపు బూడిదవన్నె కలిసిన గోధుమరంగు; మెడపైనను రొమ్ముపైనను గోధుమరంగు చారలుండును. రెక్కలును తోకయు తెల్లనివి. ముడిచినప్పుడు ఆ తెలుపు వీపుక్రింద దాగును; ఎగిరినప్పుడు బయటపడును. 1832లో సైక్స్ అను ఆంగ్లేయుడు దీనిని శాస్త్రరీతిగా వర్ణించి, గ్రే అను పండితుని పేర దీనికి శాస్త్రనామ మొసగెను.

ఇక గుర్తించు విధము. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, అనగా మూరెడు. ముక్కు పసుపువన్నె, కొన నలుపు. వానకాలమున గ్రుడ్లు పెట్టు వేళ వీపు ముదురు కావిరంగగును. తలపై పొడవైన తెల్లని యీకలు మొలచును. అప్పుడు చూచినవారు వేరొక పక్షి యని భ్రమపడుదురు. నిలిచియున్నను తెల్లగానే కనబడునది గుడ్డికొంగ కాదు. వానిలో నల్లముక్కు, నల్లకాళ్లు, పసుపు పాదములు గలది చిన్న తెల్లకొంగ. పసుపుముక్కుతో పశువులవెంట తిరుగునది పశువుల కొంగ. రాత్రి వేటాడు కొంగ పిల్లయు గోధుమరంగుదే, కాని దాని రెక్కలు ఎగిరినప్పుడును తెల్లబడవు. కావున తొందరపడి పేరు పెట్టక, అది లేచువరకు నిరీక్షింపవలెను.

మనిషి దగ్గరకు వచ్చువరకు కదలదు గనుక దీనికి గుడ్డిదను పేరు వచ్చినది. నిజమునకు దాని చూపు మిక్కిలి తీక్ష్ణము. కదలనంతసేపు తన్నెవరును చూడరని దాని ధైర్యము. లోకులు కొంగజపమని యెగతాళి చేయుదురు గాని, చేపకును కప్పకును కానరాకుండ నిలుచుటయే దాని బ్రతుకుతెరువు.

ఇందు మన గ్రామములకు సంబంధించిన సంగతి యొకటి కలదు. ఈ కొంగ కాళ్లు పొట్టివి. జానెడు లోతుకు మించిన నీటిలో నిలిచి వేటాడజాలదు. చెరువు చుట్టును నిలువుగా రాతిగోడ కట్టి, అంచుననే లోతుగా త్రవ్వినచో, నీరు నిండుగానున్నను దీనికి నిలువ నీడ యుండదు. హైదరాబాదునకు పడమటనున్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ప్రతి యూరి చెరువునకును ప్రకటన యక్కరలేదు. పూడిక తీయించునప్పుడు ఒకవైపైనను పల్లమును, తుంగను, పలుచని నీటిని విడిచిపెట్టుడు. గట్టుమీది తుమ్మచెట్లను నరికింపకుడు. ఆ మాట చెప్పదగినవారు, చెప్పినచో చెల్లుబడియగువారు మీరే.

మీ చెరువున పక్షులు లేవని యెవరైన నన్నచో వెంటనే నమ్మకుడు. గట్టుపై కొంతసేపు కదలక కూర్చుండుడు. అప్పుడు గ్రుడ్డితనము కొంగది కాదని మీకే తెలియును.

ఆ బాలుడిప్పుడెచ్చట నున్నాడో, పెద్దవాడై యుండును. ఈ మాట వాని చెవిని పడినచో వినుగాక: నాయనా, నీ వాక్యము సరియైనదే, తప్పు నాది.