తుఫాను అక్కడ, గుండెదడ ఇక్కడ

తుఫాను అంటే మార్కాపురం, గిద్దలూరు వైపు వారికి రెండు మనసులు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మన కంభం చెరువుకు నాలుగు నీళ్ళు వస్తాయని ఆశ. కాని చీరాలలో కాపురముంటున్న కూతురో, బాపట్లలో చదువుకుంటున్న కొడుకో అదే తుఫాను దారిలో ఉంటారు. వాన కోరుకున్నందుకు ఆ రాత్రి మనసు పీకుతుంది. అందులో మీ తప్పేమీ లేదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారు. ఆ రోజులు ఎరిగిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. గాలి హోరు వినగానే వారికి గుండె దడదడలాడితే, అన్నం సహించకపోతే చాదస్తమని కసరకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు ముందుగానే హెచ్చరికలు చేసి, జనాన్ని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఆ సంగతి వారికి నిదానంగా చెప్పండి.

భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. మీరు బి.పి. మాత్ర మానకూడనిది సరిగ్గా ఆ రోజే. కాఫీ మీద కాఫీ తాగుతూ మేలుకోకండి. టీవీలో అదే కొబ్బరిచెట్టు పదిసార్లు ఊగడం చూసినందువల్ల అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. అయితే ఛాతీలో బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే బెంగ అనో, గ్యాస్ అనో సరిపెట్టుకోక వెంటనే 108కి ఫోను చేయండి.

ఇంటిల్లిపాదీ ఫోను చేస్తే అవతలివారి ఛార్జింగ్ అయిపోతుంది. ఒక్కరే మాట్లాడండి, లైను కలవకపోతే చిన్న మెసేజ్ పంపండి. "భయంగా ఉందా?" అని కాదు, "నాన్న షుగరు మందులు సంచిలో పెట్టావా? మంచినీళ్ళు పట్టావా?" అని అడగండి. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ లేకున్నా ఎండ, వేడి తగలని చల్లని చోట నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. తుఫాను కన్ను మీదుగా పోతే గాలి హఠాత్తుగా ఆగుతుంది. తర్వాత ఎదురుదిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో గడప దాటవద్దని గట్టిగా చెప్పండి.

వరద తీశాక నీళ్ళు మరగకాచే తాగాలి. విరేచనాలు పట్టుకుంటే, ఓ.ఆర్.ఎస్. దొరకనప్పుడు, లీటరు మంచినీటిలో టీ చెంచాతో సమంగా కొలిచి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పట్టించాలి.

వారి గొంతు విన్నాక కూడా రెండు వారాలు దాటి మీకు నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి. 14416కి ఫోను చేసినా ఉచితంగా మాట్లాడతారు.