వృద్ధుల స్వావలంబనకు నిత్యోపయోగ వ్యాయామం: శిక్షకులకు శిక్షణే కీలకం

ఇతరుల సాయం లేకుండా మంచం మీది నుంచి లేవడం, గడప దాటడం, నీళ్ల బిందె ఎత్తడం, ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడం వంటి సాధారణ పనులే వృద్ధాప్యంలో స్వతంత్ర జీవనానికి కొలమానాలు. ఈ పనులకు కావలసిన కండరాల బలాన్ని, శరీర నిలకడను కాపాడే కసరత్తును నిపుణులు ఫంక్షనల్ ఎక్సర్‌సైజ్ అని వ్యవహరిస్తున్నారు. తెలుగులో దీనిని నిత్యోపయోగ వ్యాయామం అనవచ్చును. మందులు, ఖరీదైన యంత్రాలు అవసరం లేని ఈ విధానానికి కావలసిందల్లా సరైన శిక్షణ పొందిన శిక్షకుడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో అటువంటి శిక్షకులను తయారు చేసుకోవలసిన ఆవశ్యకత, అందుకు అనుసరించదగిన విధానం ఈ వ్యాసంలో వివరించడమైనది.

పెరుగుతున్న వృద్ధ జనాభా

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 సంవత్సరాలు పైబడినవారి సంఖ్య 10 కోట్లు దాటింది. ఇది మొత్తం జనాభాలో 8.6 శాతం. 2050 నాటికి ఈ సంఖ్య సుమారు 32 కోట్లకు చేరగలదని అంచనా. 2017-18లో 45 సంవత్సరాలు, ఆపై వయసు గల 72 వేల మందికి పైగా ప్రజలపై నిర్వహించిన ‘లాసీ’ జాతీయ అధ్యయనం నివేదిక 2021 జనవరిలో విడుదలైంది. 60 సంవత్సరాలు పైబడినవారిలో 75 శాతం మంది ఏదో ఒక దీర్ఘకాలిక వ్యాధితోను, 40 శాతం మంది ఏదో ఒక వైకల్యంతోను ఉన్నట్లు ఆ నివేదిక వెల్లడించింది.

వయసు పెరిగేకొద్దీ కండరాల పరిమాణం, బలం తగ్గుతాయి. 60 ఏళ్ల తరువాత ఈ క్షీణత మరింత వేగవంతమవుతుంది. కాళ్లలో సత్తువ తగ్గినవారు తూలి పడిపోతారు. తుంటి ఎముక విరిగితే మంచం పట్టవలసి వస్తుంది. ఒకసారి పడినవారు మళ్లీ పడతామన్న భయంతో కదలిక తగ్గించుకోవడం, దానివల్ల కండరాలు మరింత బలహీనపడడం కూడా తరచుగా కనిపించేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. ప్రాణాపాయం కలిగించే ఈ ప్రమాదాలకు ఎక్కువగా గురవుతున్నది 60 ఏళ్లు దాటినవారే.

శ్రమ వేరు, వ్యాయామం వేరు

పూర్వపు కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో వేలాది మహిళలు బీడీలు చుట్టి జీవనం సాగించారు. ఒడిలో చాట పెట్టుకుని, నేలపై గంటల తరబడి వంగి కూర్చోవడం ఈ వృత్తి లక్షణం. సిరిసిల్లలో సాంచాలుగా పిలిచే మరమగ్గాల మధ్య కార్మికులు రోజంతా నిలబడి పనిచేస్తారు.

జీవితమంతా కష్టపడినవారికి మళ్లీ వ్యాయామం దేనికన్న ప్రశ్న సహజంగానే ఎదురవుతుంది. ఒకే భంగిమలో సాగే శ్రమ కొన్ని కండరాలపైనే భారం మోపి, మిగిలిన వాటిని నిరుపయోగంగా వదిలివేస్తుంది. బీడీలు చుట్టే వేళ్లలో ఉన్న నేర్పు తొడ కండరాలకు బలం ఇవ్వదు. సాంచాల దగ్గర నిలబడిన అలవాటు కింద కూర్చుని లేచే శక్తిని కాపాడదు. దీనికితోడు ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలసలు అధికం. కుమారులు విదేశాలలో ఉన్న ఇళ్లలో వృద్ధులు తమ పనులు తాము చేసుకోగలగడం కుటుంబానికంతటికీ ముఖ్యమైన విషయం.

ఉదయపు నడక మంచిదే అయినప్పటికీ అది ఒక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు పైబడినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మోస్తరు శారీరక శ్రమ చేయాలి. వాటితో పాటు వారానికి కనీసం 3 రోజులు నిలకడను, కండర బలాన్ని పెంచే వ్యాయామాలు కూడా చేయవలసి ఉంటుంది.

ఒటాగో అనుభవం

శిక్షకుల శిక్షణ ఎంతటి ఫలితాన్ని ఇవ్వగలదో న్యూజిలాండ్‌లోని ఒటాగో వైద్య కళాశాల పరిశోధకులు నిరూపించారు. 80 ఏళ్లు పైబడిన 233 మంది మహిళలపై జరిపిన అధ్యయనాన్ని 1997లో ప్రచురించారు. ఇందులో ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్లి కాళ్ల బలానికి, నిలకడకు సంబంధించిన కసరత్తులు నేర్పగా, పడిపోయే సందర్భాలు గణనీయంగా తగ్గాయి. అయితే ప్రతి ఊరికి ఫిజియోథెరపిస్టును పంపడం సాధ్యం కాదు. అందువల్ల తదుపరి అధ్యయనంలో ఒక నర్సుకు ఫిజియోథెరపిస్టుతో శిక్షణ ఇప్పించి, ఆమె ద్వారా ఇవే కసరత్తులు నేర్పించారు. 75 ఏళ్లు పైబడిన 240 మందిపై జరిగిన ఈ ప్రయోగంలో పడిపోయే సందర్భాలు 46 శాతం తగ్గినట్లు 2001లో ప్రకటించారు.

2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 25 దేశాలకు చెందిన 108 అధ్యయనాలను పరిశీలించి, నిలకడ, నిత్యోపయోగ వ్యాయామాల వల్ల పడిపోయే సందర్భాలు దాదాపు 24 శాతం తగ్గుతాయని నిర్ధారించింది. నిపుణుని పర్యవేక్షణలో శిక్షణ పొందిన స్థానిక వ్యక్తి కూడా ఈ పని సమర్థంగా చేయగలడని ఒటాగో అనుభవం చాటుతున్నది.

శిక్షణలో ఉండవలసిన అంశాలు

జిమ్ శిక్షకులు, యోగా గురువులు, వ్యాయామ ఉపాధ్యాయులు శరీర కదలికల గురించి తెలిసినవారే. అయితే పాతికేళ్ల యువకునికి పనికివచ్చే పద్ధతి డెబ్బై ఏళ్ల వృద్ధురాలికి హాని చేయవచ్చు. కనుక వారికి ఈ దిగువ అంశాలలో ప్రత్యేక శిక్షణ అవసరం.

మొదటిది, సామర్థ్య పరీక్ష. చేతులు ఛాతీపై కట్టుకుని కుర్చీలో నుంచి వరుసగా 5 సార్లు లేవడానికి 14 సెకన్ల కన్నా ఎక్కువ సమయం పడితే మరింత పరిశీలన అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కుర్చీ నుంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పట్టేవారు పడిపోయే ప్రమాదం ఉన్నవారుగా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పరిగణిస్తున్నది. ఈ పరీక్షలకు ఒక కుర్చీ, ఒక టేపు, ఒక గడియారం సరిపోతాయి.

రెండవది, పనికి తగిన వ్యాయామం ఎంపిక. కుర్చీలో కూర్చుని లేవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, ఒక పాదం ముందు మరొక పాదం ఉంచి నిలబడడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, నీళ్ల సీసా పట్టుకుని నడవడం ఇందులో ముఖ్యమైనవి. కింద పడినప్పుడు పక్కకు ఒరిగి, మోకాళ్లపైకి వచ్చి, మంచం లేదా కుర్చీ ఆసరాతో లేచే పద్ధతిని కూడా వృద్ధులకు నేర్పాలి.

మూడవది, క్రమవృద్ధి. ఒకే కసరత్తును ఏడాది పొడవునా ఒకే తీరుగా చేయిస్తే బలం పెరగదు. మొదట ఎత్తైన కుర్చీ, తరువాత మామూలు కుర్చీ, ఆపై చేతుల సాయం లేకుండా లేవడం అనే క్రమం పాటించాలి. మాట్లాడగలిగేటంత శ్రమే తగిన శ్రమ అని గుర్తించాలి.

నాలుగవది, ప్రమాద సంకేతాలు. ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు తిరగడం వంటి లక్షణాలు కనిపించిన వెంటనే వ్యాయామం నిలిపివేసి వైద్యుని వద్దకు పంపాలి. రక్తపోటు అదుపులో లేనివారిని, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారిని వైద్యుని అనుమతి లేకుండా చేర్చుకోరాదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు పరగడుపున కసరత్తు చేయకుండా చూడాలి. ఎముకలు గుల్లబారినవారితో బరువు పట్టుకుని ముందుకు వంగే, నడుము మెలితిప్పే కదలికలు చేయించరాదు. ఎండలు 45 డిగ్రీల సమీపానికి చేరే ఈ జిల్లాలలో వేసవి తరగతులు తెల్లవారుజామునే ముగించాలి.

ఐదవది, మాట తీరు. శిక్షకుడు ఆంగ్ల పదాలతో ఆదేశాలు ఇవ్వక, ‘పెద్దమ్మా, నెమ్మదిగా లేవండి’ అని వారికి తెలిసిన మాటలలో చెప్పినప్పుడే నమ్మకం కుదురుతుంది. మందులు మార్చమని సలహా ఇవ్వడం, రోగ నిర్ధారణ చేయడం శిక్షకుని పరిధిలోనివి కావు. 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చే ఫిజియోథెరపిస్టుకు, వ్యాయామ శిక్షకునికి మధ్య గల తేడాను శిక్షణ తొలి రోజే స్పష్టం చేయాలి.

అందుబాటులో ఉన్న వనరులు

2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం మార్గదర్శకాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒకసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల ప్రత్యేక వార్డు, ఫిజియోథెరపీ సేవలు పొందుపరిచారు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2019లో మొదలైన ఫిట్ ఇండియా ఉద్యమం 65 ఏళ్లు పైబడినవారికి ప్రత్యేక వ్యాయామ నియమావళిని రూపొందించింది. వైద్య కళాశాలల నిపుణులు శిక్షణ ఇవ్వగా, యోగా, జిమ్ శిక్షకులు, వ్యాయామ ఉపాధ్యాయులు దానిని ప్రజలకు అందించే ఏర్పాటు ఈ వనరులతోనే సాధ్యం. మహిళా సంఘాల సమావేశ స్థలాలు, పాఠశాల ఆవరణలు, కార్మిక వాడల కమ్యూనిటీ హాళ్లు ఇందుకు అనువైన ప్రదేశాలు.

ఫలితాలను హాజరు సంఖ్యతో కొలవడం సరికాదు. తొలి రోజున 5 సార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, 3 నెలల తరువాత ఎన్ని పట్టింది, ఈ మధ్యకాలంలో ఎందరు పడిపోయారు అన్న మూడు వివరాలను ప్రతి కేంద్రం నమోదు చేయాలి. అధికారులు సమీక్షించవలసిందీ, పాత్రికేయులు అడగవలసిందీ ఈ వివరాలనే. శిక్షకుని వద్ద శిక్షణ ధ్రువపత్రం ఉన్నదా, ఆపద వేళ రోగిని ఏ ఆసుపత్రికి పంపుతారు అన్న విషయాలు కూడా పరిశీలించదగినవి. వృద్ధులు సలహా, సహాయం నిమిత్తం 14567 ఎల్డర్‌లైన్ సహాయవాణిని సంప్రదించవచ్చును.

ఐక్యరాజ్యసమితి 2021-2030 కాలాన్ని ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దంగా ప్రకటించింది. పింఛను వృద్ధుల ఆర్థిక అవసరాలకు ఆసరా ఇస్తుంది. తన కాళ్లపై తాను నిలబడే శక్తి మాత్రం క్రమబద్ధమైన వ్యాయామం వల్లనే నిలుస్తుంది. దశాబ్దాల పాటు బీడీలు చుట్టి, సాంచాలు నడిపి కుటుంబాలను పోషించిన పెద్దలకు ఆ శక్తిని నిలిపి ఉంచేందుకు ప్రభుత్వ శాఖలు, విద్యాసంస్థలు, శిక్షకులు సమన్వయంతో కృషి చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.