ఆలస్యమే అమృతం!

“ఆలస్యం అమృతం విషం” అన్నారు మన పెద్దలు. ఎంత మంచి పనికైనా జాగు చేస్తే చెడుతుందని దాని భావం. కాని జర్మనీ దేశపు ద్రాక్షతోటల్లో ఈ సామెత తలక్రిందులవుతుంది. అక్కడ ఆలస్యమే అమృతం!

రైన్ నది ఒడ్డున యోహానిస్‌బెర్గ్ అనే కొండ వున్నది. ఒకప్పుడు అక్కడి తోటలు ఫుల్డా మఠాధిపతివి. ఆయన సెలవు లేనిదే పండు కోయరాదు. 1775లో ఆ సెలవు తేవలసిన రౌతు ఎందుచేతనో చాలా ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా పండ్లు బూజుపట్టి, ముడుతలుపడి, చూడటానికే రోతగా తయారైనవి. పారవేయ మనసొప్పక వాటినే పిండారు. తీరా చూస్తే అంత కమ్మని వైన్ అంతకుముందు ఎవరూ ఎరుగరట! ఆ రౌతు విగ్రహాన్ని నేటికీ అక్కడి భవనం ముంగిట చూడవచ్చు.

కథ మాట ఎలా వున్నా, బూజు మాట నిజం. దాని పేరు బొట్రైటిస్. ఉదయం పొగమంచు, మధ్యాహ్నం ఎండ వుండే చోట అది పండు తోలుకు సన్నని బెజ్జాలు చేస్తుంది. నీరు ఆవిరైపోయి తీపీ పులుపూ చిక్కబడతాయి. అయితే తేమ మితిమీరిందా, అదే బూజు పంటనంతా కుళ్ళబెడుతుంది. వానలు, పక్షులు వుండనే వున్నవి. కనుక కోతకు తొందరపడని రైతు ఏడాది కష్టాన్ని పణంగా ఒడ్డుతున్నాడన్నమాట!

ఈ వైన్ రుచి ద్రాక్షాపాకమే గాని, పేర్లు మాత్రం నారికేళపాకం. 1971 నాటి చట్టం పండురసంలోని చక్కెరను బట్టి వీటికి తరగతులు ఏర్పరచింది. కాబినెట్ తేలికది. ‘ష్పేట్‌లేజె’ అంటే ఆలస్యపు కోత. ‘ఔస్‌లేజె’ అంటే ఏరిన గుత్తులు. అన్నిటికంటె తియ్యనిది ‘ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె’. భయపడకండి, మన సమాసంలాగే విడదీస్తే ఎండిన పండ్ల ఏరివేత, అంతే. అయితే సీసామీద ‘ట్రోకెన్’ అని విడిగా వుంటే ఆ వైన్‌లో తీపి లేదని అర్థం. సమాసంలో పండు ఎండింది. విడిగా తీపి ఎండింది!

వీటిలో మేలైనవి రీస్లింగ్ అనే ద్రాక్షతో చేస్తారు. దాని గొప్పతనం తీపిలో కాదు, తీపిని మొగం మొత్తనివ్వని పులుపులో వున్నది. పులుసులో బెల్లంముక్క వేసే ఇల్లాలికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

ఇక జోడీల సంగతి. కాబినెట్‌కు ఏటి చేప, ష్పేట్‌లేజెకు వేయించిన బాతు, ఔస్‌లేజెకు నీలిచారల జున్ను తగినవంటారు. ఆ జున్ను ఉప్పదనానికి ఈ తీపి చక్కని ఈడు. మిరపకారం ఘాటుగా వుండే మన దేశపు వంటలకూ, థాయి వంటలకూ కొంచెం తియ్యని రీస్లింగ్‌నే పాశ్చాత్యులు సూచిస్తారు. మద్యసారం ఎక్కువైతే నోటి మంట హెచ్చుతుంది. మోజెల్ లోయ తీపి వైన్లలో అది తరచు నూటికి 8 పాళ్ళే; పైగా తీపి కారాన్ని ఉపశమింపజేస్తుంది.

మిఠాయిల విషయంలో ఒక నియమం వున్నది. తినే వస్తువుకంటె వైనే తియ్యగా వుండాలి. లడ్డూ తిన్న నోటితో కాఫీ త్రాగితే చక్కెర వేయలేదేమని అడుగుతాం గదా! ఇదీ అంతే. అందుకే అతితీపి వైన్ల ప్రక్కన పులుపు చావని ఆపిల్ వంటకాలు పెడతారు.

మరొక చిత్రం ‘ఐస్‌వైన్’. దీనికి బూజు పనికిరాదు. పండ్లు చెట్టుననే గడ్డకట్టాలి. సున్నాకు దిగువ 7 డిగ్రీల చలిలో, తరచు చీకటి వుండగానే కోసి, కరగకముందే పిండుతారు. నీరు మంచుగా నిలిచిపోయి తేనెవంటి రసం మాత్రం దిగుతుంది.

కాని ఆ చలి ఇప్పుడు నమ్మదగినది కాదు. 2019 పంటకు కూలీలు సిద్ధంగా వున్నా, 2020 వసంతం వచ్చినా, దాదాపు దేశమంతటా కావలసిన చలి పడనేలేదు. చెట్టున విడిచిన పండు చెట్టుననే పోయింది. భూమి వేడెక్కుతున్నకొద్దీ ఇటువంటి ఏళ్ళు పెరుగుతవని అక్కడివారి బెంగ.

ఓర్పు పట్టిన రైతుకు ఆలస్యం అమృతమే. కాని ఎదురుచూచిన చలికాలమే రాకపోతే, పాపం, ఆ రైతు ఏం చేస్తాడు?