గిరాకీ లేని దినమే యజమాని పని దినము



మీలో అనేకులు చిన్న వ్యాపారములు చేసికొనువారే. పూలు, కూరగాయలు అమ్మువారున్నారు. టీ కొట్టు, టిఫిన్ బండి, కిరాణా దుకాణము నడుపువారున్నారు. "మా చిన్న కొట్టుకు మేనేజ్‌మెంట్ ఎందుకండీ? అది పెద్ద కంపెనీల సంగతి కదా" అని మీరు అనవచ్చును. ఒక్క నిమిషము ఆలోచించండి. పెద్ద కంపెనీ మూతపడితే మేనేజరు వేరొక ఉద్యోగము చూచుకొనును. మన కొట్టు మూతపడితే పిల్లల బడి ఫీజు ఆగిపోవును, ఇంటిమీద అప్పు మిగులును. కాబట్టి వ్యాపారమును సరిగా నడిపించుట నేర్చుకొనుట మనకే ఎక్కువ అవసరము.

రంగారెడ్డి జిల్లాలో, మొయినాబాద్ మండలములోని చిల్కూరు గ్రామమును చూడండి. ఉస్మాన్ సాగర్ ఒడ్డున ఉన్న ఈ ఊరి బాలాజీ దేవాలయమునకు హైదరాబాదు నుండి జనము వచ్చుట మీకు తెలిసినదే. అక్కడ హుండీ లేదు. కోరిక కోరునప్పుడు 11, అది నెరవేరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయుట అక్కడి ఆచారము. అంతసేపు తిరిగినవారికి దాహమగును, ఆకలియగును. ఆ జనమును నమ్ముకొని కొబ్బరికాయలు, పూలు, టీ, టిఫిన్లు అమ్ముకొను కుటుంబములు అక్కడ ఉన్నవి. శుక్ర, శని, ఆదివారములలో రద్దీ ఎక్కువ. మిగిలిన దినములలో గిరాకీ తక్కువ. మీరు బస్టాండు దగ్గర అమ్మినను, వారపు సంతలో అమ్మినను, ఇట్టి హెచ్చుతగ్గులు మీకును ఉండును.

ఇప్పుడు ఒక ప్రశ్న. యజమాని చేయవలసిన అసలు పని ఏ దినమున జరుగును? రద్దీ దినమున అమ్మకము జరుగును, అంతే. ఎంత సరుకు తేవలెను, డబ్బు ఎటు పోవుచున్నది, ఎవరికి ఏ పని అప్పగించవలెను అని ఆలోచించుటకు ఆ దినమున తీరిక ఉండదు. ఖాళీ దినమున సిద్ధపడినవాడే రద్దీ దినమున నిలువగలడు.

2024 ఏప్రిల్ 19, శుక్రవారమున చిల్కూరులో సంతానము లేనివారికి గరుడ ప్రసాదము ఇచ్చెదరని తెలిసి, అనుకున్నదానికంటె అనేక రెట్లు ఎక్కువమంది తరలివచ్చిరి. రోడ్లమీద కిలోమీటర్ల కొలది వాహనములు నిలిచిపోయెను. అంతకు నాలుగేండ్ల ముందు, 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు దేశమంతట గుడులు, చర్చిలు, మసీదులు మూతపడెను. జూన్ 8 వరకు వాటిని తెరచుటకు అనుమతి లేకపోయెను. చూచితిరా? అనుకోని రద్దీ వచ్చును, అనుకోని ఖాళీయు వచ్చును. ఈ రెండింటికిని మూడు విషయములలో సిద్ధపడవలెను.

మొదటిది లెక్క. ఉదాహరణకు పూలు అమ్ము ఒక సహోదరి మూర 20 రూపాయల చొప్పున 100 మూరలు తెచ్చెననుకొందాము. మూర 30కి అమ్మగా 70 మూరలు పోయినవి. "మూరకు 10 చొప్పున 700 మిగిలెను" అని ఆమె సంతోషించును. కాని పెట్టుబడి 2,000. చేతికి వచ్చినది 2,100. మిగిలినది 100 మాత్రమే. తక్కిన లాభము వాడిపోయిన 30 మూరలతో పోయినది. ఆమె 75 మూరలే తెచ్చియుంటే పెట్టుబడి 1,500, లాభము 600. కష్టము అంతే, అమ్మకము అంతే; లాభము ఆరింతలు. అయితే 75 చాలునని ఆమెకు ఎట్లు తెలియును? ప్రతి దినము ఎంత తెచ్చితిమి, ఎంత అమ్మితిమి, ఎంత పారవేసితిమి అని నోటుబుక్కులో వ్రాసినప్పుడే. నాలుగు వారములు వ్రాయండి, మీ శుక్రవారము ఎంతటిదో, మీ మంగళవారము ఎంతటిదో ఆ పుస్తకమే చెప్పును.

రెండవది గల్లా పెట్టె. గల్లాలో ఉన్నదంతయు మనది కాదు. అందులో రేపటి సరుకు డబ్బున్నది, అద్దె ఉన్నది, పనివాని జీతమున్నది. ఇంటి ఖర్చుకు వారమునకు ఇంత అని నిర్ణయించుకొని అంతే తీసికొనండి. రద్దీ వారములలో కొంత వేరుగా దాచండి. అట్లు దాచనివారు గిరాకీ పడిపోగానే గిరిగిరి అప్పుకు పోవుదురు. చేతికి 9,000 ఇచ్చి, దినమునకు 100 చొప్పున 100 దినములు వసూలు చేయుదురు. "వెయ్యి రూపాయలే కదా వడ్డీ" అనిపించును. కాని ప్రతి దినము అసలు తగ్గుచునే యుండును గనుక, సగటున మీరు వాడుకొన్నది 4,500 రూపాయలే. సంవత్సరమునకు లెక్క కట్టితే వడ్డీ దాదాపు 80 శాతము! పొదుపు సంఘమునో బ్యాంకునో ముందుగా అడుగుట మేలు కాదా? 2015లో మొదలైన ముద్ర పథకములో 'శిశు' అను తరగతి క్రింద ఆస్తి తాకట్టు లేకుండ 50,000 రూపాయల వరకు అప్పు ఇచ్చుదురు. వ్యాపారము ఎట్లు నడుచుచున్నదని బ్యాంకువారు అడిగినప్పుడు చూపుటకు మీ నోటుబుక్కు ఉండును.

మూడవది మీ దగ్గర పనిచేయువారు. ఆదివారము ఉదయము మీరు ఆరాధనకు వెళ్లుదురు. చిల్కూరు వంటి చోట గిరాకీ ఎక్కువగా ఉండునది ఆ దినముననే. ఆ రెండు మూడు గంటలు మీ కొట్టు ఎవరి చేతిలో ఉండును? కొందరు కొట్టు మూసివేసి వెళ్లుదురు. కొందరు చర్చిలో కూర్చుండియు మనస్సు గల్లా పెట్టె దగ్గరనే ఉంచుదురు. పనివానికి ధరలు చెప్పలేదు, లెక్క నేర్పలేదు, గల్లా తాళము ఎన్నడును ఇవ్వలేదు. ఏమియు నేర్పకుండ "వానికి ఏమియు రాదు" అనుట న్యాయమా?

నేర్పుటకు సోమవారము మంచి దినము. మొదట మీరు అమ్ముచుండగా అతనిని చూడనివ్వండి. తరువాత అతడు అమ్ముచుండగా మీరు చూడండి. ఆ తరువాత ఒక గంట అతనికే విడిచిపెట్టి, తిరిగి వచ్చి ఇద్దరును కలిసి లెక్క చూచుకొనండి. తేడా వచ్చినయెడల గిరాకీల యెదుట కేకలు వేయవద్దు. ప్రక్కకు పిలిచి చెప్పండి. చెప్పిన తేదీకి జీతమివ్వండి. జీతము ఆలస్యము చేయు యజమాని నమ్మకమును గూర్చి ఎంత బోధించినను పనివాడు వినడు. ఉద్దెర ఇచ్చు విషయములో మీ బంధువుకు ఒక నియమము, ఇతరులకు ఒక నియమము పెట్టవద్దు. మీరు చేయుచున్నదే అతడును చేయును.

వచ్చే సోమవారము గిరాకీ లేదని దిగులుపడి కూర్చుండవద్దు. పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో ఆ దినపు లెక్క వ్రాయండి. మీ పనివానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయండి. మీ కష్టార్జితము మీ యింట నిలుచును గాక.