వడ్రంగి చేతుల రక్షణ: రంపపు బల్ల యొద్ద పాటింపవలసిన నియమములు

వడ్రంగికి చేతులే ఆస్తి. బాడిస, ఉలి, చిత్రిక మున్నగు పనిముట్లు ఎన్ని యున్నను వానిని నడపునది చేయియే. బొటనవ్రేలు పోయినచో పట్టు పోవును. పట్టు పోయినచో పని పోవును. పనితో బాటు ఒక కుటుంబపు జీవనాధారమే కదలిపోవును. రంపపు బల్ల యొద్ద ఇట్టి నష్టము రెప్పపాటులో సంభవించుచున్నది. అయినను ఈ ప్రమాదములలో పెక్కు నివారింపదగినవే.

రంపపు బల్ల యనగా బల్ల నడిమి చీలిక గుండా గుండ్రని బ్లేడు పైకి వచ్చి విద్యుచ్ఛక్తిచే తిరుగు యంత్రము. చేతిరంపముతో కోయునపుడు కొయ్య కదలక యుండును, రంపము కదలును. ఇచట రంపము ఒక్కచోటనే తిరుగుచుండగా కొయ్యను దాని మీదికి త్రోయవలెను. కొయ్యతో బాటు చేయియు బ్లేడు దిక్కునకే సాగును. ప్రమాదమునకు మూలము ఇందే కలదు.

జాగ్రత్త ఒక్కటి ఏల చాలదు?

“ఇరువది యేండ్లుగా కోయుచున్నాము, ఒక్క గాటయినను పడలేదు” అని అనుభవజ్ఞులు కొందరు చెప్పుదురు. వారి నేర్పును శంకింప బనిలేదు. కాని యంత్రపు వేగమును ఒకమారు లెక్కించి చూడవలెను. 10 అంగుళముల బ్లేడు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునెడల దాని అంచు గంటకు సుమారు 140 కిలోమీటర్ల వేగముతో పరుగిడును. దానికి 40 పళ్ళున్నచో ఒక్క సెకనులో 2,000 పళ్ళు ఒకేచోటును దాటిపోవును. వ్రేలికి ఏదియో తగిలినదని గ్రహించి మనుష్యుడు చేయి వెనుకకు తీసికొనుటకు సెకనులో నాలుగవ వంతు పట్టినను, ఆలోపల 500 పళ్ళు దాటియుండును. కావున తగిలిన పిదప తప్పించుకొనుట యెంతటి నేర్పరికిని అసాధ్యము. చేయి బ్లేడును చేరకుండ ముందే అడ్డు ఏర్పరచుట యొక్కటే మార్గము.

1948 నాటి కర్మాగారముల చట్టము యంత్రముల ప్రమాదకర భాగములకు కంచె యుండవలెనని 21వ విభాగమున విధించినది ఈ కారణముననే. చట్టపు పరిధిలోనికి రాని చిన్న పనిశాలలో సైతము బ్లేడు పదును ఒక్కటియే గదా!

కొయ్య వెనుకకు తన్నుట

బ్లేడు ముందరి పళ్ళు కొయ్యను క్రిందికి, బల్లవైపునకు నొక్కుచు కోయును. వెనుక పళ్ళు క్రిందినుండి పైకి లేచును. కోతపడిన కొయ్య బిగుసుకొని బ్లేడును నొక్కినను, ప్రక్కకు తిరిగినను ఆ వెనుక పళ్ళు దానిని పైకెత్తి పనివాని మీదికి విసరివేయును. ఆ దెబ్బ పొట్టకు, రొమ్మునకు, ముఖమునకు తగులును. అంతకన్న ఘోరమేమన, కొయ్యను పట్టుకొన్న చేయి పట్టు తప్పి బ్లేడు మీదికి ఈడ్వబడవచ్చును.

దీనికి విరుగుడు బ్లేడు వెనుకనే, 8 మిల్లీమీటర్లకు మించని యెడమున నిలుపబడు ఉక్కురేకు. అది కోతలో దూరి రెండు ముక్కలను వేరుగా నుంచి, బిగుసుకొననీయదు. యంత్రముతో వచ్చిన ఈ రేకును, బ్లేడు పైని తొడుగును “పనికి అడ్డము” అని ఊడదీసి మూల పారవేయు అలవాటు కలదు. వ్రేళ్ళను కాపాడు కావలివానిని వెళ్ళగొట్టుట వంటిదే యీ పని.

కోయునపుడు

1. కొయ్యను ఎల్లప్పుడు ప్రక్కబద్దకు గాని, అడ్డకోతకై అమర్చిన జారుడుబద్దకు గాని ఆనించియే త్రోయవలెను. ఏ ఆధారమును లేక వట్టిచేతులతో కొయ్యను నడపరాదు.

2. చేయి బ్లేడునకు 6 అంగుళముల లోపలికి పోవలసి వచ్చినచో తోపుడుకర్రను వాడవలెను. దానిని పనిశాలలోని చెక్కముక్కతోనే చేసికొనవచ్చును. అది బల్ల ప్రక్కనే వ్రేలాడుచుండవలెను. దూరముగా నున్న తోపుడుకర్ర లేనిదానితో సమానము.

3. కొయ్య మందమునకు పైన బ్లేడు పళ్ళు మాత్రమే కనబడునంత ఎత్తు చాలును.

4. బ్లేడునకు నేరుగా నిలువక కొంచెము ప్రక్కగా నిలువవలెను. ఎదుటి ప్రక్క ముక్కలనందుకొనువాడు వానిని లాగరాదు, పట్టుకొని మోయవలెను.

5. మీట నొక్కి ఆపిన పిదపను బ్లేడు కొన్ని సెకనులు తిరుగును. అది పూర్తిగా నిలుచువరకు తునుకలను చేతితో తీయరాదు.

6. పాత తలుపులు, దూలములు కోయుటకు ముందు మేకులను వెదకి తీసివేయవలెను. మొద్దుబారిన బ్లేడునకు బలము హెచ్చుగా పెట్టవలసి వచ్చును. బలము పెట్టినచోటనే చేయి జారును.

చేతికి తొడుగులు వేసికొని కోయుట క్షేమమని పలువురు భ్రమపడుదురు. తిరుగు బ్లేడు ఆ గుడ్డను పట్టుకొని చేతినే లోనికి లాగును. కండువా, వదులుగా నున్న పొడుగు చేతులు, మణికట్టు దారములు, గడియారము, విడిచిన జుట్టు, ఇవన్నియు ఇట్టివే.

విద్యుత్తు పోయినపుడు

పని నడుమ విద్యుత్తు నిలిచినచో పనివారు మాటలలో పడి మీటను మరచుట కలదు. విద్యుత్తు తిరిగి వచ్చినంతనే బ్లేడు తనంతట తిరుగనారంభించును. ఆ సమయమున ఎవరి చేయి బల్లపై నున్నదో ఎవరెరుగుదురు? కావున విద్యుత్తు పోయిన వెంటనే మీట ఆపవలెను. విద్యుత్తు తిరిగి వచ్చినను మరల నొక్కినగాని తిరుగని మీటను అమర్చుకొనుట మరియు శ్రేష్ఠము. బ్లేడు మార్చునపుడు మీట ఆపుట చాలదు, ప్లగ్గును పెరికివేయవలెను.

ఇంటిలో పని జరుగునపుడు

నేడు ఇండ్లలోనే తలుపులు, బీరువాలు తయారగుచున్నవి. రాతిని కోయు చిన్న యంత్రమును తలక్రిందుగా ప్లైవుడ్ పలకకు బిగించి, అదే రంపపు బల్లగా వాడుట పరిపాటియైనది. ఇట్టి యంత్రములు నిమిషమునకు పదివేలకు మించి చుట్లు తిరుగును. తలక్రిందు చేయుటచే పైతొడుగు పోవును, వెనుక రేకు అసలే యుండదు, మీటయో పలక క్రిందికి పోయి అత్యవసరమున చేతికి అందదు. ఇట్టి బల్లను గృహస్థుడు తన యింట అనుమతింపకుండుట మేలు. పని జరుగుచోటికి పిల్లలను రానీయరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారిని సహాయమునకైనను పెట్టరాదు. కోయువానిని వెనుకనుండి పిలువరాదు.

కంటికి కనబడని హాని

రంపపు పొట్టు సన్నని ధూళియై ఊపిరితో లోనికి పోవును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్యధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల పట్టికలో చేర్చెను. ముక్కు లోపలి భాగములకు అది ముఖ్యముగా ముప్పు. గాలి ఆడునట్లు చూచుకొని, ధూళిని వడగట్టు మాస్కు ధరింపవలెను. కండ్లకు అద్దములు, చెవులకు బిరడాలు అవసరము. నేలపై పేరుకొన్న పొట్టును ఎప్పటికప్పుడు ఎత్తివేయవలెను. దానిపై కాలు జారినవాడు పడునది బ్లేడు మీదనే కావచ్చును.

ప్రమాదము జరిగినచో

మొదట యంత్రమును ఆపవలెను. శుభ్రమైన గుడ్డను గాయముపై గట్టిగా అదిమిపట్టి చేతిని గుండెకన్న ఎత్తున నుంచవలెను. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు పూయరాదు. 108కి ఫోను చేయవలెను.

వ్రేలు తెగిపడినచో నిరాశ చెందరాదు. 1965లో జపానులోని నారా ప్రాంతమున కొమాట్సు, టమాయి అను వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని సూక్ష్మదర్శిని సాయముతో తిరిగి అతికిరి. నేడు భారతదేశపు పెద్ద ఆసుపత్రులలోను ఈ చికిత్స కలదు. తెగిన భాగమును తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టికు సంచిలో నుంచి, మూతి బిగించి, ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీటిలో పెట్టవలెను. వ్రేలికి మంచు నేరుగా తగులరాదు. తగిలినచో కణములు చెడును. ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చిన అంత ఆశ యుండును. గాయము చిన్నదైనను ధనుర్వాతపు సూది విషయము వైద్యుని అడుగవలెను.

తొడుగు బిగించుటకు పట్టునది కొద్ది నిమిషములు, తోపుడుకర్ర చేయుటకు ఒక చెక్కముక్క. పోయిన వ్రేలి వెల ఏ కొలతకును అందదు. యజమాని తొడుగు లేని యంత్రమును పనికి ఈయకుండుట, పనివాడు తొడుగు లేనిదే మీట నొక్కకుండుట, ఈ రెండును ఆచారమైననాడు వడ్రంగి పనిశాల క్షేమస్థానమగును.