ఫ్యూజు తెగలేదు, మరి వేడెందుకెక్కింది?

ఫ్యూజు చేసే పని ఏమిటని తరగతిలో అడిగితే సగం చేతులు పైకి లేస్తాయి. "కరెంటు ఎక్కువైతే కరిగి తెగిపోతుంది సార్!" అంటారు. నిజమే. మరి కరెంటు ఎక్కువ కాకుండానే, ఫ్యూజు తెగకుండానే, అది కూర్చున్న ప్లాస్టిక్కు పెట్టె కరిగిపోతే? ఆ తప్పు ఎవరిది? పోయిన వేసవిలో ఈ ప్రశ్న మా వీధిలోకే వచ్చింది.

మా వీధిలో ఒకాయనకు పెట్రోలుతో నడిచే పికప్ బండి ఉంది. తెల్లవారుజామునే తోటలకు వెళ్ళి, కూరగాయలు ఎక్కించుకుని రైతు బజారుకు చేరుస్తాడు. ఆయన కొడుకు మా బడిలోనే తొమ్మిదో తరగతి. సెలవు రోజుల్లో తండ్రి పక్కన కూర్చుని తానూ వెళుతుంటాడు. వేసవి రాగానే ఆ బండి ఒక కొత్త తంటా తెచ్చిపెట్టింది. అరగంట నడిచాక ఇంజను రెండుసార్లు దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోతుంది. పావుగంట ఊరుకుని తాళం తిప్పితే మళ్ళీ మామూలే. ఫ్యూజుల పెట్టె మూత తీసి చూస్తే, ఫ్యూయల్ పంపు తాలూకు ఫ్యూజు వేలు చురుక్కుమనేంత వేడిగా ఉంది. ప్లాస్టిక్కు కాలిన వాసన కూడా వస్తోంది.

"మాస్టారూ, ఇరవై ఆంపియర్ల ఫ్యూజు ఈ బండికి చాలడం లేదట. ముప్పై వేసుకోమని ఒకరు చెప్పారు. వేసేయమంటారా?" అని ఆయన వచ్చి అడిగాడు. ఆకుపచ్చ ఫ్యూజు అప్పటికే చేతిలో ఉంది.

"ఒక్క పూట ఆగండి. ముందు కొలిచి చూద్దాం" అన్నాను.

ఫ్యూయల్ పంపు అంటే ఏమిటి?

పెట్రోలు బంకులో మనం చూసే పంపు కాదు ఇది. నేటి పెట్రోలు బండ్లలో ఇంధనపు ట్యాంకు లోపలే ఒక చిన్న విద్యుత్ మోటారు ఉంటుంది. అది పెట్రోలులో మునిగి ఉండి, వాతావరణ పీడనానికి సుమారు 3, 4 రెట్ల పీడనంతో పెట్రోలును ఇంజనుకు తోస్తుంది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది కూడా. ఇంజను తిరుగుతున్నంత సేపూ ఈ మోటారు తిరగవలసిందే. అంటే దాని ఫ్యూజు గుండా గంటల తరబడి కరెంటు పోతూనే ఉంటుంది. హారను ఫ్యూజుకు అప్పుడప్పుడు మాత్రమే పని. ఈ ఫ్యూజుకు విశ్రాంతి లేదు. అందుకే ఎక్కడ చిన్న లోపం ఉన్నా మొదట ఇక్కడే బయటపడుతుంది.

బండ్లలో వాడే ఫ్యూజును మీరు చూసే ఉంటారు. రంగు ప్లాస్టిక్కు తలకు రెండు చదునైన రేకు కాళ్ళు ఉంటాయి. రంగును బట్టి సామర్థ్యం తెలుస్తుంది: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. రెండు కాళ్ళనూ కలుపుతూ లోపల సన్నని లోహపు పట్టీ ఉంటుంది. సాధారణంగా అది జింకు మిశ్రమం. జింకు సుమారు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది.

ఇంకో సంగతి. 20 ఆంపియర్ల ఫ్యూజు 21 ఆంపియర్లు రాగానే టప్పున తెగిపోదు. పదింట ఒక వంతు ఎక్కువైతే వంద గంటలైనా ఓర్చుకోవాలి. రెట్టింపు, అంటే 40 ఆంపియర్లు పోతే మాత్రం అయిదు సెకన్ల లోపే తెగాలి. ఈ రకం ఫ్యూజులను ఇలా ఉండేటట్లే తయారు చేస్తారు. ఎప్పుడూ నడిచే యంత్రానికైతే ఫ్యూజు సామర్థ్యంలో ముప్పాతిక వంతుకు మించి వాడకపోవడం మంచిది. 20 ఆంపియర్ల ఫ్యూజుకు అది 15 ఆంపియర్లు.

కొలతలు ఏం చెప్పాయి?

తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకరు డి.సి. కొలిచే క్లాంపు మీటరు పట్టుకుని వచ్చాడు. ఇంజను తిరుగుతుండగా పంపు తీగలో పోతున్న కరెంటు చూశాం. 8 ఆంపియర్లు! ఇరవైలో సగం కూడా లేదు. ఫ్యూజు చాలడం లేదన్న మాట అక్కడితోనే పోయింది.

తరువాత వోల్టు మీటరు పెట్టాం. ఫ్యూజులోకి కరెంటు తెచ్చే తీగకూ, దాని నుంచి పంపు వైపు పోయే తీగకూ మధ్య 0.83 వోల్టులు చూపింది. ఆరోగ్యంగా ఉన్న ఫ్యూజు దగ్గర అది 0.1 వోల్టు కూడా ఉండకూడదు. ఫ్యూజు తల మీద, పరీక్ష కోసం వదిలిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. వాటి మధ్య చూస్తే 0.03 వోల్టు మాత్రమే. అంటే ఫ్యూజు నిర్దోషి. మరి మిగిలిన 0.8 వోల్టు ఎక్కడ పోతోంది? ఫ్యూజు కాలికీ, ఆ కాలిని పట్టుకునే రేకు దవడకూ మధ్య. అతుకు దగ్గర!

ఇక ఓమ్ నియమం తీయండి. నిరోధం = వోల్టులు ÷ ఆంపియర్లు. 0.8ని 8తో భాగిస్తే 0.1 ఓమ్. "ఇంతేనా?" అనిపిస్తుంది. ఇప్పుడు జౌల్ నియమం తీయండి. తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించాడు. 8 × 8 × 0.1 = 6.4 వాట్లు. పాతకాలపు టార్చి బల్బు 2.5 వోల్టుల దగ్గర 0.3 ఆంపియరు తీసుకుంటే దానిది 0.75 వాటు. అంటే ఎనిమిది టార్చి బల్బుల వేడి వేరుశనగ గింజంత చోటులో, గాలి ఆడని ప్లాస్టిక్కు గదిలో పుడుతోందన్నమాట! అతుకు బాగుండి నిరోధం 0.002 ఓమ్ మాత్రమే అయితే, అదే కరెంటుకు పుట్టే వేడి 0.13 వాటు. చేతికి కూడా తెలియదు.

వేడి వేడిని పెంచుతుంది

రెండు రేకులు ఒకదానికొకటి పూర్తిగా ఆనుకున్నాయని మన కంటికి అనిపిస్తుంది. సూక్ష్మంగా చూస్తే ప్రతి లోహపు ఉపరితలమూ గుట్టలూ గుంటలే. గుట్టల కొనలు తగిలిన కొద్ది చోట్ల నుంచే కరెంటు పోతుంది. రేకు దవడ గట్టిగా నొక్కుతుంటే తగిలే చోట్లు ఎక్కువ, వదులైతే తక్కువ. దీన్నే స్పర్శ నిరోధం అంటారు.

దవడ కొంచెం వదులైతే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి. వేడికి దవడ బిగువు ఇంకా సడలుతుంది, లోహం మీద ఆక్సైడు పొర కమ్ముతుంది. దాంతో నిరోధం మరీ పెరుగుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. వేసవిలో బానెట్టు కింద ఉండే వేడి దానికి తోడు. చివరికి కాంటాక్టు తప్పి పంపు ఆగుతుంది, ఇంజను నిలిచిపోతుంది. చల్లారాక మళ్ళీ తగులుతుంది, బండి కదులుతుంది.

మరి ఫ్యూజు ఎందుకు కాపాడలేదు? ఫ్యూజుకు తెలిసింది తన గుండా పోయే ప్రవాహం ఒక్కటే. అతుకు చెడితే ప్రవాహం పెరగదు. దారిలో అడ్డు పెరిగింది కనుక ఒకింత తగ్గుతుంది కూడా! కాబట్టి అతుకు దగ్గర ప్లాస్టిక్కు కరుగుతున్నా ఫ్యూజు నిశ్చింతగా కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ ఆకుపచ్చ ఫ్యూజు సంగతి ఆలోచించండి. అది వేసినా అతుకు అదే, 6.4 వాట్లూ అవే. పైగా కొత్త ప్రమాదం. తీగ మందాన్ని బట్టే 20 అని నిర్ణయించారు. రేపు ఎక్కడో తొడుగు ఒరిసి తీగ షార్టయితే, ఫ్యూజు కంటే ముందు తీగ కాలవచ్చు. ఆ తీగ పోయేది పెట్రోలు ట్యాంకు దగ్గరికి. పెట్రోలు మన చలికాలపు చలిలోనైనా మండే ఆవిరి ఇస్తుంది. పక్క సీటులో కూర్చునేది మా తొమ్మిదో తరగతి కుర్రవాడు.

బాగు చేసిన తీరు

ఈ పని పెద్దలు, పని తెలిసినవారు చేయవలసింది. మీరు పక్కన నిలబడి ఎందుకు చేస్తున్నారో గమనించండి.

బండిని ఇంటి ముందు ఆరుబయట నిలిపి ఇంజను చల్లారనిచ్చారు. బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా విప్పారు. స్పానరు పొరపాటున బండి ఇనుముకు తగిలినా అప్పుడు నిప్పురవ్వ రాదు. ఫ్యూజు లాగి చూస్తే ఒక కాలు తళతళలాడుతోంది, రెండోది గోధుమరంగుకు తిరిగింది. దాని గాడిలో ప్లాస్టిక్కు ఉబ్బింది. అలా కాలిన దవడను గీకి, నొక్కి సరిపెట్టకూడదు. ఒకసారి బిగువు పోయిన రేకుకు అది తిరిగి రాదు.

అందుకని ఆ గాడిని వదిలేసి, దాని రెండు తీగలకు విడిగా కొత్త ఫ్యూజు హోల్డరు కలిపారు. తీగ పాతదానికంటే సన్నం కాకుండా చూశారు. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టకుండా, క్రింపింగు పనిముట్టుతో గట్టిగా నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగారు. హోల్డరును ఇంజను వేడికి దూరంగా బిగించారు. అందులో వేసింది మళ్ళీ పసుపు ఫ్యూజే, 20 ఆంపియర్లదే. నెగటివ్ తీగను చివరగా బిగించారు. ఇంజను నడిపి కొలిస్తే 0.83 కాస్తా 0.05 వోల్టుకు దిగింది. అరగంట తరువాత ముట్టుకుంటే ఫ్యూజు గోరువెచ్చగా మాత్రమే ఉంది.

ఒకవేళ మొదటి కొలతలోనే 8కి బదులు 16 ఆంపియర్లు వచ్చి ఉంటే? అప్పుడు దోషం పంపుది; అరిగిపోయి ఉండాలి, లేదా ఫిల్టరు పూడుకుని ఉండాలి. దాన్ని సరిచేయకుండా అతుకు మారిస్తే ప్రయోజనం లేదు. అందుకే ముందు కొలత, తరువాత చికిత్స.

మీరు చేసి చూడండి

తుప్పు పట్టిన స్ప్రింగు ఉన్న పాత టార్చి తీసుకోండి. వెలుతురు గమనించండి. సెల్సు తీసి స్ప్రింగు కొననూ, సెల్ అడుగునూ గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వెలిగించండి. సెల్సు మార్చలేదు, బల్బు మార్చలేదు. మరి తేడా ఎక్కడిది?

ఇంట్లో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పిన్నులు గోధుమరంగుకు తిరిగాయా? పొలంలో మోటారు స్టార్టరు పెట్టెలో ఏదైనా స్క్రూ దగ్గర తీగ తొడుగు నల్లబడిందా? ఇవన్నీ మా వీధి బండి జబ్బే. మీరు చేయి పెట్టకండి, పెద్దలకు చూపించండి. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టబోతే ఎందుకు వద్దో లెక్క వేసి చెప్పండి.

లెక్క ఒకటి మీకే వదులుతున్నాను: 5 ఆంపియర్లు తీసుకునే మోటారుకు ఒక వదులు స్క్రూ దగ్గర 0.2 ఓమ్ నిరోధం ఉంటే, అక్కడ ఎన్ని వాట్ల వేడి పుడుతుంది? 10 ఆంపియర్లు పోతే అది రెట్టింపవుతుందా, నాలుగు రెట్లా?

ఆ ఆకుపచ్చ ఫ్యూజు ఇప్పుడు మా ప్రయోగశాల బల్ల సొరుగులో ఉంది. జౌల్ నియమం చెప్పే రోజున దాన్ని బయటికి తీస్తుంటాను.